గంగప్ప చెప్పిన లెక్క

మందలో ఎన్ని జీవాలున్నాయని అడిగితే నిజం చెప్పే గొర్రెలకాపరి పావగడ తాలూకాలో ఇంకా పుట్టలేదు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, ఇక గొర్రెపిల్ల ఎంత? నాగలమడికకు అవతల ముప్పై ఇళ్ళ కాపరుల హట్టి ఒకటుంది. అక్కడ నూరు జీవాలున్నవాడూ పదే అంటాడు, రెండు వందలున్నవాడూ పదే అంటాడు. సొంత బావమరిది అడిగినా అదే జవాబు. వేలు పెట్టి ఒకటి, రెండు అని ఎంచడం కూడా తప్పే. సాయంత్రం జీవాలు దొడ్లోకి దూరుతుంటే ఆ హట్టిలోని గంగప్ప ఊరికే నిలబడి చూసేవాడు. ఏది రాలేదో ముఖాలను బట్టి చెప్పేసేవాడు. నూటనలభై ముఖాలు. మనకు చుట్టాల ముఖాలే సరిగ్గా గుర్తుండి చావవు.

పదేళ్ళ కిందట, సోలార్ పార్కు వస్తుందన్న మాట అప్పుడప్పుడే పుట్టిన రోజుల్లో, ఇద్దరు కుర్రవాళ్ళు ట్యాబులు పట్టుకుని హట్టికి వచ్చారు. ఏ ఊళ్ళో ఎన్ని జీవాలున్నాయో రాసుకుపోతే, దాన్నిబట్టి గోమాళం ఎంత మిగల్చాలో పైవాళ్ళు తేలుస్తారట. గోమాళమంటే ఊరందరి మేతభూమి. ఆ సంగతి కుర్రవాళ్ళు దాచలేదు, రెండుసార్లు చెప్పారు. గంగప్ప వినలేదా అంటే విన్నాడు. కానీ హట్టికి పెద్ద తను. అందరూ తన నోటివంకే చూస్తున్నారు. పొద్దున్నే, నలుగురి ముందు, ముక్కూముఖం తెలియని వాడికి మంద లెక్క ఎలా చెబుతాడు?

"పదో పన్నెండో ఉంటాయి సార్," అన్నాడు.

వెనకున్న కొల్లప్ప ఎనిమిదన్నాడు. ఆ వెనకామె ఆరంది. పెద్దాయన చూపిన దారిలో ముప్పై ఇళ్ళూ నడిచాయి. దాదాపు మూడు వేల జీవాలున్న హట్టి కాగితం మీద మూడు వందలకు కూడా చేరలేదు. ఆ కుర్రవాళ్ళు వెళ్ళిపోయాక అందరూ నవ్వుకున్నారు కూడా, భలే చెప్పామని.

మూడు వందల జీవాలకు ఇంత మేతభూమి ఎందుకన్నారు పైవాళ్ళు. ఎదురు చెప్పడానికి నోరెక్కడిది, చెప్పిన నోరు తమదే అయినప్పుడు? కంచె వేశారు, సోలార్ పలకలు పరిచారు. ఎటు చూసినా నల్లటి అద్దాలు. భూములుండి పార్కుకిచ్చిన హనుమంతరాయుడి లాంటి రైతులకు ఏటా కౌలు వస్తోంది. వాళ్ళను అనడానికి లేదు, వానను నమ్మి వేరుశనగ వేసి మట్టి కరిచిన ఏళ్ళు వాళ్ళకూ ఉన్నాయి. భూమే లేనివాడికి కౌలెవడిస్తాడు? వేరుశనగ పీకేశాక ఆ చేలల్లోనే మందలు మేసేవి, ఎరువు కోసం రైతులే పిలిచి రాత్రిళ్ళు చేలో మంద కట్టించుకునేవాళ్ళు. చేలు పోయాక ఆ పిలుపూ పోయింది. మందలు ఒక్కొక్కటే లారీలెక్కాయి. కొల్లప్ప తన జీవాలను తోలి పంపిన రోజు గంగప్ప గుమ్మం ముందు ఆగి, "నీ మాట విన్న్యాం కదా గంగన్నా," అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు బెంగళూరు బస్సెక్కి, ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మనై పోయాడు. మళ్ళీ రాలేదు.

గంగప్ప ఇప్పుడు కంచె లోపల దినకూలికి గడ్డి కోస్తాడు. పలకల మీద నీడ పడకుండా గడ్డిని ఎప్పటికప్పుడు కోసెయ్యాలి. గొర్రెలైతే తీగలు కొరుకుతాయని రానివ్వరు. మనిషి కొరకడు కాబట్టి మనిషిని రానిస్తారు. సాయంత్రం ఒక మోపు ఇంటికి తెచ్చుకుంటాడు, మిగిలిన తొమ్మిది జీవాల కోసం.

మాఘమాసంలో ఒక రోజు, గంగప్ప ఒంటిపూట పని చేసి మోపుతో ఇల్లు చేరిన కాసేపటికే, మనవరాలు మంజుశ్రీ మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. డిగ్రీ చదివి, పార్కు చూడటానికి వచ్చే అతిథుల వెంట ఉండి అన్నీ చూపించే పనిలో కుదిరిన పిల్ల. ఆఫ్రికా నుంచి కొందరు పెద్దలు వచ్చారనీ, అందులో ఒకాయన అద్దాలు చూడటం అయ్యాక, ఇక్కడి గొర్రెలవాళ్ళు ఏరీ అని అడిగాడనీ చెప్పింది. ఊమరూ అట ఆయన పేరు, నైజర్ అట దేశం. ఫోన్‌లో పటం తీసి చూపించింది. ఆ దేశానికి ఏ వైపూ సముద్రం లేదు, చుట్టూ ఏడు దేశాలు కూర్చుని ఉన్నాయి. మన కర్ణాటకలాంటివి ఆరు పడతాయట, జనం మాత్రం మన రాష్ట్రంలో సగం కూడా లేరట. మరి అంత నేలనూ ఏం చేస్తున్నారని గంగప్ప అడిగాడు. ఎక్కువ భాగం ఇసుకే తాతా అంది ఆ పిల్ల.

ఆ పూటే మంజుశ్రీ ఊమరూను పినాకిని ఏటిలోకి తీసుకొచ్చింది. ఏరంటే పేరుకే, నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో. గంగప్ప భార్య కెంచమ్మ కంపచెట్ల నీడన తొమ్మిది జీవాలనూ మేపుతోంది. సన్నగా, తాటిబద్దలా పొడుగ్గా ఉన్నాడు ఊమరూ, నలభై ఏళ్ళుంటాయి. మెడలో కార్డు, కాళ్ళకు మంచి బూట్లు. వచ్చీ రాగానే నమస్కారమైనా పెట్టకుండా ఒక పొట్టేలును ఒడిసిపట్టి, పెదవి పైకెత్తి, వయసు తేల్చడానికి పళ్ళు చూశాడు. నాలుగు పళ్ళు అని వేళ్ళతో చూపించాడు. గంగప్పకు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసరని భయపడితే వీడెవడో తన కులంవాడే.

ఇసుకలో కూర్చుని ఊమరూ తన దేశం గురించి చెప్పాడు. పక్క దేశంలో చదువుకున్నాడట, ఇంగ్లీషు బాగా వచ్చు. అతను చెప్పింది చెప్పినట్టే మంజుశ్రీ తెలుగులో దింపింది. పై సగమంతా ఎడారి. కింద నడుముపట్టీ అంత మేర మాత్రం ఏడాదికి మూడు నెలలు వాన చూస్తుంది, అదీ దాని ఇష్టం. అక్కడే సజ్జలు, జొన్నలు, అలసందలు. నైరుతి మూలన ఒక్క పెద్ద నది. నది ఒడ్డున జర్మావాళ్ళు వరి పండిస్తారు, హౌసావాళ్ళు సేద్యమూ వ్యాపారమూ చేస్తారు, ఎడారిలో తువారెగ్‌లు ఒంటెలు తోలుతారు. ఊమరూ వాళ్ళు ఫులానీలు, ఆవులూ గొర్రెలే వాళ్ళకు బతుకు. ఒకప్పుడు వేరుశనగే ఆ దేశాన్ని పోషించింది. సముద్రం లేదు కాబట్టి వెయ్యి కిలోమీటర్లు లారీల్లో మోసి, పరాయి దేశం రేవులో ఓడకెక్కించేవాళ్ళు. దారి ఖర్చే సగం తినేసేది. తర్వాత పెద్ద కరువొచ్చి వేరుశనగ పోయింది. ఎడారి కింద యురేనియం దొరికింది. అది వెళ్ళి, ఒకప్పుడు వాళ్ళను ఏలిన దేశంలో దీపాలు వెలిగించింది. ఊమరూ పుట్టిన ఊళ్ళో మాత్రం ఇప్పటికీ కరెంటు లేదు. పట్నాలకు కూడా చాలావరకు పక్క దేశం దగ్గర కొనుక్కోవాలి.

వానాకాలం మందలను ఉత్తరానికి తోలుకుపోతారట. పంట కోశాక దక్షిణానికి దిగివస్తే, రైతులే పిలిచి చేలల్లో మంద కట్టించుకుని సజ్జలు కొలిచి ఇస్తారట.

"ఆడగూడా మంద కడతారంట్నే," అన్నాడు గంగప్ప కెంచమ్మతో. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆశ్చర్యపోయింది. సముద్రాలకు అవతల, పేరైనా వినని చోట, తమలాగే బతికేవాళ్ళున్నారు. గంగప్ప మనసు ఎన్నో ఏళ్ళ తర్వాత మెత్తబడింది.

అప్పుడు ఊమరూ అసలు సంగతి చెప్పాడు. ఆ మందలు దిగివచ్చే దారిలోనే ఇలాంటి పార్కు పెట్టాలని వాళ్ళ ప్రభుత్వం అనుకుంటోంది. పెడితే కాపరులకు మేతభూమి విడిగా వదలాలా, అక్కర్లేదా అన్నది రాసివ్వాల్సింది ఊమరూనే. ఇక్కడి కాపరులు ఎలా ఉన్నారో చూసి రాస్తాడు. కంచె పక్కన ఈ జీవాలు ఇంత కండపట్టి ఉండటం చూస్తే తనకు సంతోషంగా ఉందన్నాడు.

పదేళ్ళుగా తను మోస్తున్న పాపం ఒక్కసారి దించుకోవడానికి దేవుడే ఈ మనిషిని పంపాడనుకున్నాడు గంగప్ప. తన హట్టి ఎలాగూ ఆరిపోయింది, అక్కడున్న హట్టులైనా నిలుస్తాయి. నిజం చెప్పాలి, అంతే.

అంతే అనుకున్నాడు గానీ నోరు రావద్దూ? అరవై ఏళ్ళ అలవాటు. వద్దన్నట్టు కెంచమ్మ కళ్ళతోనే గదమాయించింది, ఉన్న తొమ్మిదికీ దిష్టి తగులుతుందని ఆమె భయం. గంగప్ప ఇసుకలోకి చూస్తూ చెప్పాడు.

"మంజూ, ఉన్నదున్నట్ల చెప్పు ఆయప్పకి. నాకు నూటానలభై జీవాలుండె. ఇప్పుడు ఈ తొమ్మిదే. మేతబీడు పాయ, మందలన్నీ పాయ. లెక్క రాసుకునేకి వచ్చినోళ్ళకి నేను తక్కువ చెప్పినా. అందుకే పాయ. వాళ్ళ కాపరోళ్ళని నిజం చెప్పమను."

మంజుశ్రీ ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. ఊమరూ తొమ్మిది జీవాలవైపూ చూశాడు, గంగప్పవైపూ చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. వేళాకోళపు నవ్వు కాదు, ఇంటివాళ్ళ నవ్వు. గంగప్ప చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

వాళ్ళ నాన్నకు మూడు వందల ఆవులట. టీకాలు వేసేవాళ్ళు అడిగితే ఇరవై అంటాడట. మరీ గుచ్చి అడిగితే, వందలుండేవి నాయనా, కరువుకు పోయాయి, ఇవే మిగిలాయని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంటాడట. మీరు అచ్చం మా నాన్నలాగే చెప్పారు, భయపడకండి, ఎన్నున్నాయో నేను రాయను అన్నాడు.

"కాదప్పా, దేవుని తోడు," అన్నాడు గంగప్ప. మా నాన్న కూడా ఒట్టేస్తాడన్నాడు ఊమరూ. మంజుశ్రీ తన మాటగా చెప్పింది, ఇది నిజమేనని, తను కళ్ళారా చూసిందని. ఆ పిల్లను కూడా బాగా పెంచారని మెచ్చుకున్నాడు.

గంగప్పకు ఏడుపొక్కటే తక్కువ. దొడ్డి చూపిస్తాను రమ్మని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. తొమ్మిది గొర్రెలు ఒక మూలన పడుకునే అంత పెద్ద దొడ్డి చూస్తే ఎవడికైనా అర్థం కావాలి కదా అని అతని ఆశ. కానీ ఆ దొడ్డిని అతనేం చేశాడు? కూలిపోనివ్వాల్సింది. కూలనివ్వలేదు. పెద్దోడి దొడ్డి పడిపోతే నలుగురూ ఏమంటారని ఏటేటా కొత్త కంప నరికి చుట్టూ కట్టేవాడు. నేల కెంచమ్మ పొద్దున్నే ఊడ్చింది. నూటయాభై జీవాలు పట్టే దొడ్డి, పచ్చి కంపతో, చక్కగా, రాత్రికి మంద వస్తుందన్నట్టే ఉంది. ఊమరూ దాని చుట్టూ అడుగులేసి కొలిచాడు. ఈ మూల నుంచి ఆ మూలకు చూసి, నిడుగల్లు గుట్టలవైపు వేలు చూపించి, మిగతావి అటు మేస్తున్నాయి కదూ అన్నట్టు కన్ను గీటాడు.

దూరంగా వ్యాన్ హారన్ మోగింది. వెళ్తూ వెళ్తూ ఊమరూ వంగి, కొడుకు తండ్రికి దణ్ణం పెట్టినట్టు గంగప్ప మోకాలు తాకి వెళ్ళాడు.

మంజుశ్రీ అతిథులను పావగడలో దింపి, సాయంత్రం ఆటోలో తిరిగి వచ్చింది. చెప్పులు విప్పకముందే గంగప్ప అడిగాడు, ఏం రాసుకున్నాడని. ఆ పిల్ల చెప్పకుండా తప్పించుకోవాలని చూసింది గానీ, తాత వదల్లేదు. వ్యాన్‌లోనే పుస్తకం తీసి రాశాడట, రాసింది తనకు ఇంగ్లీషులో చదివి కూడా వినిపించాడట. కాపరులు కంచె పక్కనే బాగా బతుకుతున్నారని, జీవాలు పుష్టిగా ఉన్నాయని, విడిగా మేతభూమి వదలక్కర్లేదని రాశాడట. తాను కాపరి బిడ్డ కాబట్టే వాళ్ళు దాచింది కనిపెట్టగలిగానని చివర్లో గర్వంగా చేర్చాడట.

కోసుకొచ్చిన గడ్డి మోపు అలాగే పడి ఉంది, తొమ్మిది జీవాలూ దాన్ని తన్నుకుంటూ తింటున్నాయి.

"వాళ్ళ నాయన కాడికి గూడా లెక్క రాసుకునేటోళ్ళు వస్తారు కదా?" అన్నాడు గంగప్ప.

"వస్తారు తాతా."

"ఎన్నుండాయంటాడు?"

మంజుశ్రీ తల దించుకుంది. "ఇరవై అంటాడు తాతా."

తన మంద లారీలెక్కిన రోజు గంగప్ప ఏడవలేదు. కొల్లప్ప ఊరొదిలిన రోజూ ఏడవలేదు. ఆ సాయంత్రం మాత్రం, ఎక్కడో సముద్రం లేని దేశంలో మూడు వందల ఆవుల వెనక నడిచే ఒక ముసలాయన కోసం, గుమ్మంలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.