కేతకి ఎందుకు వెనక్కి తిరిగింది

ఐదో భాగం ఆఖరి పేజీ చదివాక కూడా శ్రీలత పుస్తకం మూయలేదు. ఇంకో పేజీ అంటుకుపోయి ఉందేమోనని వేలితో తడిమి చూసింది. లేదు. కథ అక్కడికే అయిపోయింది.

హనుమకొండ చౌరస్తాలో ఆమెకు చీరలకు సరిపోయే జాకెట్ ముక్కలమ్మే మ్యాచింగ్ సెంటర్ ఉంది. మామ పోయిన తర్వాత దుకాణం ఆమె చేతికొచ్చింది. భర్త భానుచందర్‌ది రైల్వే ఉద్యోగం. ఏళ్ల తరబడి డోర్నకల్ క్వార్టర్‌లో ఉండి, సెలవు దొరికినప్పుడే ఇంటికి వచ్చిపోయేవాడు. ఎండాకాలంలో కాజీపేటకు బదిలీ అయింది. అప్పటినుంచి ఇంట్లోనే ఉంటున్నాడు.

'మసక కోట' నవలలంటే ఇద్దరికీ ప్రాణం. ఆయన డోర్నకల్‌లో ఉన్న రోజుల్లో ఫోన్‌లో ఇంటి సంగతులకన్నా ఆ కథ గురించే ఎక్కువ మాట్లాడుకునేవాళ్లు. నాలుగు భాగాల నిండా కేతకి అనే పిల్ల తన భర్త నిరంజనుణ్ని వెతుక్కుంటూ తిరుగుతుంది. మంచు కమ్మిన కోటలో అతన్ని బంధించారు. ఐదో భాగం చివర ఆమె ఆ కోట తలుపు దాకా వస్తుంది. లోపలినుంచి "కేతకీ, నువ్వేనా?" అని అతని గొంతు వినబడుతుంది. ఆమె గొళ్లెం మీద చెయ్యి వేస్తుంది. కాసేపటికి చెయ్యి తీసేసి, వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. ఎందుకో రచయిత్రి రాయలేదు.

ఆ రోజు దుకాణంలో ఒకామె లైనింగ్ గుడ్డ అడిగితే శ్రీలత పరధ్యానంగా చీర ఫాల్ తీసి ఇచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం శ్రీలత, భానుచందర్, ఇంకా ఆ నవలలు చదివేవాళ్లు మడికొండలో ఐమన్ ఫ్లాట్‌లో కలిశారు. ఐమన్ అక్కడి ఐటీ పార్కులో పనిచేస్తుంది. ఈ నవలలు చదివేవాళ్లందరినీ వాట్సాప్‌లో ఒక్కచోట చేర్చింది తనే. వాళ్లమ్మ తాహెరా బేగం అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టి, తను కూడా ఒక మూలకు కూర్చుంది. ఆమె ఏ భాగమూ చదవలేదు గానీ కూతురు చెప్పగా కథంతా తెలుసు.

"అది నిరంజనుని గొంతు కానే కాదు" అన్నాడు శేఖర్. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. "మాయ. రెండో భాగంల బావి దగ్గర గూడ గట్లనే పిలిచింది. కేతకి కనిపెట్టింది, తప్పించుకుంది."

"మరి ఆ ముక్క రాయొచ్చు గద అన్నా?" అంది ఐమన్. "నాకైతే రాసెటామెకే అర్థం గాలేదనిపిస్తాంది. ఆరో భాగం అమ్మాలె గదా, అందుకే సాగదీసింది."

"లేదు. సిరీస్ మొత్తంల ఇదే బెస్ట్."

"బెస్టా? నేను బుక్కు ఇసిరికొట్టిన!"

అందరూ శ్రీలత వైపు చూశారు. ఆమె అప్పటికే మాట సిద్ధం చేసుకుంది. "అన్యాయం" అంది. "మనిషి కోసం అంత దూరం నడిచి, గొంతు విన్నంక ఎవ్వరన్న తిరిగిపోతరా? లోపల ఆయన ఎట్లుంటడు పాపం?"

"నాకైతే ఆమె చేసిందే కరెక్టు అనిపించింది" అన్నాడు భానుచందర్.

సాధారణంగా ఆయన ఇలాంటి చోట నోరు విప్పడు. "ఎందుకన్నా?" అని ఐమన్ అడిగితే, "ఊకెనే, అనిపించింది" అని చాయ్ కప్పు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

తాహెరా బేగం మెల్లగా అంది: "ఆ పిల్లకు కాళ్లు నొస్తున్నయేమో బేటా. తలుపు తీస్తే మళ్ల వంట, ఇల్లు..." అందరూ నవ్వారు. భానుచందర్ నవ్వలేదు. శ్రీలత అది గమనించింది.

ఇంటికి పోతుంటే స్కూటర్ వెనక కూర్చొని ఆమె అడిగింది. "కరెక్టని ఎట్లన్నరు మీరు?"

"అన్న, అంతే."

"అట్లయితే నిరంజనుడు ఏం గావాలె?"

"ఏమో. లోపల ఉండుడు ఆయనకు అలవాటే గద."

ఇంట్లో పుస్తకం ఆయన ముందు పెట్టి నిలబడింది. ఈసారి తప్పించుకునే వీల్లేకుండా ఎదురుగా నిలబడింది. భానుచందర్ కాసేపు అట్ట మీది బొమ్మ చూశాడు.

"లతా, కోపం చెయ్యకు. నేనొచ్చినప్పటి సంది నువ్వు నన్ను ఎక్కువ అనే మాట ఏందో తెలుసా? 'జర జరుగున్రి.' అల్మారా కాడ నిలబడితే జరుగున్రి. దుకాణంకొస్తే కౌంటర్ కాడ జరుగున్రి. తప్పని అంటలేను. అన్నేండ్లు ఒక్కదానివే నడుపుకొచ్చినవ్. ఆ కేతకి గూడ అంతే గద. ఒక్కతే నడిచి నడిచి, అదే ఆమె బతుకైంది. తలుపు తీస్తే ఇగ ఇద్దరి నడక. జంకింది కావచ్చు."

శ్రీలత పుస్తకం వెనక్కి తీసుకుంది. ఆయన తనను నిందిస్తున్నాడా, వెనకేసుకొస్తున్నాడా? నిందిస్తే ఎదురు మాట్లాడేది. వెనకేసుకొస్తుంటే దానికి ఏడవాలా, సంతోషపడాలా?

ఆయన సామాను దించిన రోజు ఆమె నిజంగానే మురిసిపోయింది. పక్క దుకాణం కమలకు చెప్పి స్వీట్లు కూడా తెప్పించింది. ఆ వారంలోనే కుర్చీ మీద తడి తువ్వాల చూసి, ఈయన డోర్నకల్‌లోనే ఉంటే బాగుండు అనుకున్నదీ నిజమే. రెండూ ఒకే మనిషి మనసులో ఎలా పడతాయో ఆమెకు అంతు చిక్కలేదు.

"నేను తలుపు తియ్యలేదంటరా?" అంది చివరికి.

"నేను పుస్తకం గురించి చెప్తాన" అన్నాడాయన. కానీ ఆ మాట ఆయనకే నమ్మకంగా వినిపించినట్టు లేదు.

తెల్లారి దుకాణం తెరిచేముందు ఆమె ఆ పేజీ మళ్లీ చదివింది. మొదటిసారి కేతకి రాతిగుండెదానిలా కనిపించింది. ఇప్పుడు గొళ్లెం మీంచి చెయ్యి తీయలేక తీసినట్టు అనిపించింది. అలా తీసిందని పుస్తకంలో ఎక్కడా లేదు. గ్రూపులో ఐమన్, శేఖర్ ఇంకా కొట్లాడుకుంటున్నారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. 'నేను నిన్న చెప్పింది తప్పు కావచ్చు' అని టైప్ చేసి, ఏది తప్పో తెలియక చెరిపేసింది.

భానుచందర్‌కు ఆ రోజు సెలవు. "నేను వరంగల్ మార్కెట్‌కు పోయి సరుకు చూసుకొనొస్త. కౌంటర్ల మీరు కూసోన్రి" అంది.

"నేనా? నాకేం తెలుసు?"

"నాకు మాత్రం ముందుగాల ఏం తెలుసుండె?"

హోల్‌సేల్ దుకాణంలో తానులు విప్పించి చూస్తుండగానే ఫోన్ మోగింది.

"లతా, ఒకామె చీర తెచ్చింది. నెమలికంఠం రంగు జాకెట్ ముక్క గావాల్నంట. ఇక్కడ నాకు మూడు కనబడతానయ్. ఏదియ్యాలె?"

"బయట వెల్తురుల పట్టి చూడున్రి."

"చూసిన. వెల్తురుల మూడూ ఒక్క తీరే ఉన్నయ్. లోపలికొస్తె వేరే ఉన్నయ్."

"ఆమెనే అడుగున్రి."

"ఆమె నన్ను అడుగుతాంది!"

శ్రీలతకు నవ్వొచ్చింది, వెంటనే చిరాకూ వచ్చింది. తనైతే చూడకుండానే తీసిచ్చేది. ఆటో ఎక్కి వెళ్లిపోదామా అనుకుంది. వెళ్తే ఆయన మళ్లీ పక్కకు జరగాల్సి వస్తుంది. వెళ్లకపోతే మంచి గిరాకీ పోతుంది. చేతిలోని తాను బల్ల మీద పెట్టింది.

"మీకు ఏది అనిపిస్తే అదియ్యున్రి" అంది.

"తప్పయితే?"

"తప్పయితే రేపొచ్చి మార్చుకపోతది."

"సరే, ఫోన్ పెట్టకు" అన్నాడాయన. కత్తెర చప్పుడు వినబడింది. ఏ రంగు కోశాడో ఆమె అడగలేదు.