యూనిఫారం రంగు అబాయా

నేను ఒక అబాయాను. మెడ నుంచి మడమల దాకా ఒంటిని కప్పే పొడవాటి పైవస్త్రాన్ని. బుర్ఖా అని పిలిచినా పలుకుతాను. మా ఊళ్ళో చాలామంది అలాగే పిలిచారు. నా జాతివాళ్ళు దాదాపు అందరూ నల్లగా ఉంటారు. నేను మాత్రం బూడిద కలిసిన నీలం రంగులో పుట్టాను. ఎవరో ముచ్చటపడి ఎంచిన రంగు కాదది. ఆదోనిలో ఊరి చివరనున్న ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆడపిల్లల యూనిఫారం రంగు. ఎన్నడూ ఒక మాట మీదికి రాని ఇద్దరిని ఒప్పించడానికి నన్ను కుట్టారు. గుడ్డతో అంత పని అవుతుందని నమ్మిన మనిషి పేరు దిల్షాద్.

దిల్షాద్ వాళ్ళు నూర్‌బాషాలు, ఊళ్ళో దూదేకులవాళ్ళంటారు. తండ్రి ఖాసింవలి దూది ఏకి పరుపులు కుడతాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మనవరాళ్ళు జేజి అని పిలిచే ఆ ఇంటి ముసలామె హుస్సేనమ్మ చీర కొంగు తల మీదికి లాక్కుని, బతుకంతా వేరుశనగ చేలలో కలుపు తీసింది. బుర్ఖా ఆ ఇంటి గడప తొక్కింది మనవరాళ్ళ కాలంలోనే. పెద్ద మనవరాలు దిల్షాద్ హైదరాబాదు వెళ్ళి బట్టల డిజైనింగ్ కోర్సు చదివింది. తోటివాళ్ళు పెళ్ళి లెహంగాలు గీస్తుంటే ఈమె అబాయాలు గీసేది. చంటిబిడ్డ తల్లి చాటుగా పాలివ్వడానికి వీలున్నది ఒకటి, స్కూటరు నడిపే టీచరమ్మకు చక్రంలో చిక్కుకోని అంచున్నది ఒకటి. ఇవి స్టేజీ మీద కొట్టొచ్చినట్టు కనపడవమ్మా అన్నారట అక్కడి మేడం. కొట్టొచ్చినట్టు కనపడకపోవడమే కదా మేడం వీటి పని అని దిల్షాద్ అన్నదట. కోర్సు ముగించి ఊరికొచ్చి, ఇంటి ముందుగదిలో మిషను వేసుకుంది.

చెల్లెలు తహసీన్ ఇంటర్ బైపీసీ. పదో తరగతి అయిన సెలవుల్లో తనంతట తానే నల్ల బుర్ఖా వేసుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. పత్తి మార్కెట్టు వీధిలో నడిచేటప్పుడు దాన్లో ఎవరి చూపులూ తగలక తనకు నెమ్మదిగా ఉంటుందని అక్కతో అన్నది. జేజి నవ్వింది కానీ అడ్డు చెప్పలేదు. మొదటి ఏడాది కాలేజీలో ఎవరూ పట్టించుకోలేదు. రెండో ఏడాది మొదట్లో యూనిఫారం తప్ప మరేదీ కనపడకూడదని బోర్డు పెట్టారు. బుర్ఖాలు గేటు దగ్గరే తీసేయాలి. తీయడానికి చూపించిన చోటు సైకిళ్ళ షెడ్డు. కొందరు పిల్లలు అక్కడే తీసి సంచిలో కుక్కుకున్నారు. ఇద్దరు ముగ్గురు మానేశారు. తహసీన్ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపిన చేయి కలిపినట్టే ఉంచుకుంది.

దిల్షాద్ ఆ రోజే కాగితం మీద నన్ను గీసింది. కాలేజీ ఇచ్చిన యూనిఫారం గుడ్డ, అదే రంగు, చొక్కాకున్నట్టే కాలరు, ముంజేతి దగ్గర గుండీలు, తల మీదికి వచ్చే స్కార్ఫు కూడా అదే గుడ్డతో. ముఖం కప్పదు. బొమ్మ పట్టుకుని కరస్పాండెంటు సారు దగ్గరికి తనే వెళ్ళింది. ఆయన మంచినీళ్ళు తెప్పించాడు, బొమ్మ అటూ ఇటూ తిప్పి చూశాడు. రంగు తేడా లేకుంటే మాకేం అభ్యంతరముంటుందమ్మా అన్నాడు. దిల్షాద్ సంబరంగా ఇంటికి వచ్చి కత్తెర అందుకుంది.

నన్ను కుట్టినంత శ్రద్ధగా ఆమె మళ్ళీ దేన్నీ కుట్టలేదు. ఆదోని ఎండలో యూనిఫారం మీద ఇంకో పొర వేసుకుంటే పిల్ల ఉడికిపోతుందని, నన్నే యూనిఫారంగా కోసింది. లోపల పలుచని ఇంటి గౌను ఒకటి చాలు. భుజాల దగ్గర వదులిచ్చింది. పుస్తకాల సంచి పట్టీ జారకుండా చిన్న మడత పెట్టింది. తహసీన్ నన్ను తొడుక్కుని అద్దం ముందు చేతులు చాచి, గుండ్రంగా తిరిగి, అక్క భుజం మీద తల పెట్టింది. గుడ్డగా పుట్టినందుకు నేను గర్వపడింది ఆ ఒక్కసారే.

కొన్ని వారాలు అంతా బాగానే నడిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఒకసారి నా వంక, ఒకసారి తక్కిన పిల్లల వంక చూసి పోనిచ్చాడు. జువాలజీ మేడం నా కుట్టు మెచ్చుకుంది. మానేసిన పిల్లల్లో ఒకామె తల్లితో కలిసి దిల్షాద్ దగ్గరికి కొలతలు ఇవ్వడానికి వచ్చింది. ఆ వెనక మరికొందరు వచ్చారు. ముందుగదిలో నా రంగు గుడ్డ దొంతర్లుగా పేరుకుంది.

మొదటి దెబ్బ మా వీధిలోంచే వచ్చింది. అందరూ హాజీ సాబ్ అని పిలిచే పెద్దమనిషి ఒకాయన, గట్టిగా మాట్లాడే అలవాటు లేనివాడు, పరుపుల కొట్టుకు వచ్చి ఖాసింవలి పక్కన కూర్చున్నాడు. వాన గురించి, పత్తి ధర గురించి మాట్లాడాక నా సంగతి ఎత్తాడు. పిల్లలు నేర్చుకుంటున్నారు, సంతోషమే అన్నాడు. మీ నూర్‌బాషాలకు పరదా కొత్త కదా, తెలియక జరిగి ఉంటుంది అన్నాడు. ఖాసింవలి చేతిలో సూది ఆగిపోయింది.

"నల్లదైతే మనదని తెలుస్తాది ఖాసిమూ," అన్నాడు హాజీ సాబ్. "ఇదేమో వాళ్ళ యూనిఫారం మాదిరి ఉంది. చూసేవాళ్ళకు మన బిడ్డ ఎవరో ఎట్ల తెలియాల?"

ఖాసింవలి రాత్రి అన్నాల దగ్గర ఆ మాటే చెప్పి, నా మీద నల్లది కూడా వేసుకుని పొమ్మన్నాడు. గేటు దాకా అది, లోపల ఇది. దిల్షాద్ ఒప్పుకోలేదు. ఒప్పుకోనని చెప్పే ముందు తహసీన్‌ను అడగలేదు. నేను గోడకున్న చిలక్కొయ్యకు వేలాడుతూ ఇద్దరి గొంతులూ విన్నాను. మూడో గొంతు వినపడలేదు.

రెండో దెబ్బ ఫోన్లలో వచ్చింది. కాలేజీ బస్సు దిగుతున్న తహసీన్‌ను ఎవరో ఫొటో తీశారు. ఈ కాలేజీ బుర్ఖానే యూనిఫారం చేసింది చూడండి అని కింద రాసి ఊరంతా పంపారు. తరువాత కాలేజీ ఎదుట టీ బంకు దగ్గర యువకులు కొందరు రోజూ నిలబడడం మొదలుపెట్టారు. ఏమీ అనేవాళ్ళు కాదు, చూసేవాళ్ళు. పత్తి మార్కెట్టు వీధి చూపులు తప్పించుకోవడానికి ముసుగు వేసుకున్న పిల్లను ఇప్పుడు ముసుగు కోసమే చూస్తున్నారు. తోటి పిల్లల తండ్రులు కొందరు కరస్పాండెంటు దగ్గరికి వెళ్ళి ఇదేమిటని నిలదీశారు.

అది జువాలజీ ప్రాక్టికల్ పరీక్ష రోజు. రికార్డు పుస్తకం చంకలో పెట్టుకుని తహసీన్ గేటు దగ్గరికి వచ్చేసరికి కరస్పాండెంటు సారు స్వయంగా నిలబడి ఉన్నాడు. ముఖంలో కోపం లేదు. దిక్కుతోచనివాడిలా ఉన్నాడు. అది తీసి లోపలికి పొమ్మన్నాడు. మీరే కదా సార్ ఒప్పుకున్నారు అని తహసీన్ అంటే, బొమ్మ చూశానే గాని ఒప్పుకోలేదన్నాడు. యూనిఫారం రంగే కదా సార్ అంది.

"అదేనమ్మా ఇబ్బంది," అన్నాడాయన గొంతు తగ్గించి. "నల్లదైతే మీదని తెలుస్తాది. ఇది మా యూనిఫారం మాదిరి ఉంది. చూసేవాళ్ళకు నేనేం చెప్పాల?"

పరుపుల కొట్టులో ఖాసింవలి విని, ఇంట్లో చెప్పిన మాట, దాదాపు ఉన్నదున్నట్టుగా, ఇప్పుడు ఇంకో నోట విన్నాను. హాజీ సాబ్, కరస్పాండెంటు సారు ఒకరి గుమ్మం ఒకరు తొక్కేవాళ్ళు కాదు. వాళ్ళిద్దరినీ ఒక మాట మీదికి తేవడానికే నన్ను కుట్టారు. తేగలిగాను.

తహసీన్ తీసి ఉండేదేమో. ఆమె వేళ్ళు నా మెడ దగ్గరి గుండీ మీదికి వెళ్ళాయి. కానీ లోపల ఉన్నది పలుచని ఇంటి గౌను, చంక కింద కుట్టు వదిలినది. ఉక్కపోయకూడదని దిల్షాద్ చేసిన ఏర్పాటు అది. వేళ్ళు గుండీ మీదే ఆగాయి. లోపల గంట మోగింది. వాచ్‌మన్ నేల చూపులు చూస్తున్నాడు. టీ బంకు దగ్గర ఒకడు ఫోన్ పైకెత్తాడు. తహసీన్ వెనక్కి తిరిగి నడిచింది. బస్సెక్కలేదు. ఎండలో ఇంటిదాకా నడిచే వచ్చింది. ఆమె చెమటంతా నాకే పట్టింది.

ఇంట్లో దిల్షాద్ ఉగ్రురాలైంది. కరస్పాండెంటు చూసిన బొమ్మ అందరికీ చూపిస్తానంది, పత్రికలవాళ్ళ దగ్గరికి పోతానంది, రేపు ఇద్దరం కలిసి గేటు దగ్గర కూర్చుందామంది. తహసీన్ నన్ను విప్పి, మడత పెట్టి, మిషను మీద ఉంచింది.

"నన్ను యాడికీ తీసకపోవద్దుక్కా," అంది. "ఇది నువ్వు నాకోసం కుట్టలేదు. నేను వాళ్ళందరికీ నచ్చాలని కుట్టినావు. నాకేం కావాలని నువ్వన్నా అడిగింటివా?"

జేజి లేచి పిల్లకు మజ్జిగ కలిపి తెచ్చింది.

తహసీన్ ఆ ఏడు పరీక్షలు రాయలేదు. కొలతలిచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వద్దని చెప్పి పోయారు. హాజీ సాబ్ పరుపుల కొట్టు ముందు నుంచే నమాజుకు వెళ్ళేవాడు. పిల్ల ఎలా ఉందని అడగలేదు. కాలేజీ నుంచి కూడా ఎవరూ ఫోన్ చేయలేదు. నా రంగు గురించి అంత పట్టింపు ఉన్నవాళ్ళకు, లోపలున్న మనిషి గురించి కనుక్కోవడానికి తీరిక దొరకలేదు.

దిల్షాద్ ఊళ్ళో మిషను తిప్పలేకపోయింది. కోర్సులో పరిచయమైన ఒకామె హైదరాబాదులో ఒళ్ళు కప్పే ఫ్యాషన్ బట్టల పెద్ద షాపు పెట్టి, రమ్మని పిలిచింది. దిల్షాద్ నమూనాగా నన్ను వెంట తీసుకెళ్ళింది. సంచిలో నన్ను పెట్టింది తహసీనే. ఆ షాపువాళ్ళకు నేను తెగ నచ్చాను. తల లేని ఒక బొమ్మకు తొడిగి అద్దాల వెనక నిలబెట్టారు. పక్కన బంగారు అక్షరాలతో 'చదువుకునే అమ్మాయి ధైర్యం' అని రాయించారు. నాలాంటివి వెనక గదిలో కుట్టించారు, మెత్తటి ఖరీదైన గుడ్డతో. కారులో కాలేజీకి వెళ్ళేవాళ్ళు, కాలేజీ ముగించి ఏళ్ళయినవాళ్ళు, ఫొటో దిగడానికి కొనుక్కుపోయారు. యజమానురాలు దిల్షాద్‌ను అప్పుడప్పుడు ముందుకు పిలిచి, ఇది ఈమె చెల్లెలి కోసం కుట్టింది అని చెప్పేది. దిల్షాద్ తలూపి వెనక్కి వెళ్ళిపోయేది.

ఒక రోజు ఒక అమ్మాయి నా చేతి గుండీలు పట్టుకుని చూస్తూ, మీ చెల్లెలు ఇప్పుడేం చదువుతోందని అడిగింది. యజమానురాలు నవ్వుతూ దిల్షాద్ వైపు చూసింది.

"చదవడం లేదు," అంది దిల్షాద్. "ఇది వేసుకున్నందుకే గేటు దగ్గర ఆపేసినారు. ఇంట్లో ఉంది."

ఆ అమ్మాయి అయ్యో అంది. నిజంగానే అంది, కళ్ళు చెమర్చాయి కూడా. ఒక్క క్షణం ఆగి, ఇదే మోడలు మెరూన్‌లో ఉందా అని అడిగింది.

ఆ సాయంత్రమే నన్ను బొమ్మ మీద నుంచి తీసేశారు. అమ్మకం దగ్గర ఏడుపు కథలు వద్దని యజమానురాలు మెత్తగానే చెప్పింది. నా స్థానంలోకి మెరూన్ వచ్చింది. నన్ను వెనక గదిలో కత్తిరింపు ముక్కల గోతంలో వేశారు. ఇప్పుడు అక్కడే ఉన్నాను. ఈ గోతం నిండితే పాత గుడ్డల వాడు వస్తాడు.

గోతం దిల్షాద్ మిషను పక్కనే ఉంటుంది కాబట్టి ఆమె మాటలు వినపడతాయి. నిన్న ఇంటికి ఫోన్ చేసింది. ప్రైవేటుగా ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చు, కనుక్కున్నాను, పుస్తకాలు పంపిస్తాను అని చాలాసేపు చెప్పింది. తాను ఆనాడు అడగకపోవడం తప్పేనంది. ఇప్పుడు అడుగుతాండా, నీకేం కావాలో చెప్పు అంది. అవతల తహసీన్ పరుపుల కొట్టులో ఉన్నట్టుంది. దూది ఏకే మిషను చప్పుడు ఫోన్లోంచి నా దాకా వచ్చింది. తహసీన్ మాత్రం, ఇప్పుడు ఏ రంగు కుడతాండావక్కా అని అడిగింది.

"మెరూన్," అంది దిల్షాద్.

బాగుంటాదిలే అంది తహసీన్. ఫోన్ పెట్టేశారు. కాసేపటికి మిషను మళ్ళీ తిరగడం మొదలైంది.