నిద్రపుచ్చే ఆయా

హోటలు వారు పంపిన ఆయా చొక్కా ఇస్త్రీ నలగకుండా కుర్చీ అంచున కూర్చుంది. ఆమెకు వంక పెట్టడానికి ఏమీ లేదు. పిల్లల కోసం ఆయాను పిలిపించిన, మందుల దుకాణం నడిపే తల్లికి మొదటి అనుమానం అక్కడే మొలకెత్తింది. మచ్చలేని సరుకును రెండోసారి తిరగేసి చూడటం ఆమె వృత్తిలో భాగం.

మరునాడు ఉదయం ఆమె ఔషధాల సదస్సులో ప్రసంగించాలి. అదే సమయానికి భర్తకు యంత్రాల బేరం ఉంది. ఇంట్లో అందరూ కబుర్లపోగు అని పిలిచే నాలుగేళ్ల కూతురినీ, పిడుగు అని పిలిచే ఏడాది నిండని కొడుకునూ దేశం కాని దేశంలో ఎవరి చేతిలో పెట్టాలన్నదే ప్రశ్న.

ఈ ఆయాను మెచ్చుకున్న తల్లిదండ్రుల మాటలను భర్త ఫోనులో చూపించాడు. మందు సీసా మీది సన్నక్షరాలు చదివినట్టు ఆమె వాటన్నిటినీ చదివింది. తిరిగి వచ్చేసరికి పిల్లలు హాయిగా నిద్రపోతున్నారనే అందరూ రాశారు. ఏం తిన్నారో, దేనికి అలిగారో ఒక్కరూ రాయలేదు.

"ఇంతమందిలో ఒక్కడైనా పేచీ పెట్టలేదా?" అందామె.

"నీకు పాలల్లో కూడా పురుగులే కనిపిస్తాయి," అన్నాడు భర్త. " మనవాడు పగలు కాస్త కునుకు తీస్తే మనం పండగ చేసుకోమూ?"

పొద్దున ఫోనులో ఆయా సంగతి విన్న అత్తగారు మాత్రం, కొత్త ముఖం చూసి ఏడవని పిల్లణ్ణి చూస్తే తల్లి ఏడవాలని తేల్చేశారు. అత్తాకోడళ్ల మాట కలవడం ఆ ఇంట్లో అరుదు, ఈసారి కలిసింది.

చివరకు ఆ మధ్యాహ్నమే కాసేపు పిల్లల్ని అప్పగించి చూద్దామని రాజీపడ్డారు. పిడుగు నిద్రపోకపోతే ఏం చేస్తావని అడిగితే ఆయా వచ్చీరాని ఇంగ్లీషులో, తన చేతుల్లో అందరూ నిద్రపోతారని చెప్పి నవ్వింది.

దంపతులు కిందికి వెళ్లి కూర్చున్నారు. అరగంట గడిచి, చెప్పిన రెండో కాఫీ రాకముందే ఆమె లేచింది. భర్త గొణుక్కుంటూ వెనకే నడిచాడు.

గదిలో తెరలు వేసి ఉన్నాయి. పిడుగు వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. ఆమె వాడి చెయ్యి ఎత్తి వదిలితే తడిగుడ్డలా జారిపోయింది. అరికాలు గిల్లితే రెప్పలు సగం తెరుచుకుని వాలిపోయాయి. కబుర్లపోగు గౌను అంచుతో నాలుక తుడుచుకుంటోంది.

"అమ్మా, తమ్ముడికి తీపి మందు పోసింది. నాకూ పోసింది. నేను పూలకుండీలో ఉమ్మేశా. తీపి అయిపోయాక చేదొస్తోంది."

ఆయా తొణకలేదు. సంచిలోంచి సీసా తనే తీసి ఇచ్చి, ఇది ఉత్త జలుబు మందనీ, తాను పోసేది కొంచెమేననీ చెప్పింది. సీసా మీది భాష రాకపోయినా మందు పేరు ఆ తల్లికి తెలుసు. అంత పసివాడి కోసం దాన్ని ఆమె తన దుకాణం గడప దాటనివ్వదు.

డాక్టరు వచ్చి ఊపిరి విన్నాడు. ప్రాణభయం లేదనీ, మత్తు దిగేవరకూ వాణ్ణి ఒంటరిగా వదలవద్దనీ చెప్పాడు. భర్త కొడుకును గుండెల మీద వేసుకుని వాడి ఎద పొంగడం మీదే చూపు నిలిపాడు. యంత్రాల వాళ్ల ఫోను మోగి మోగి ఆగిపోయింది.

మేనేజరు ఆయాను పంపించేశాడు, క్షమాపణలు చెప్పాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు కూడా రాలేదండీ."

"ఎలా వస్తుంది? చెప్పాల్సినవాళ్లందరినీ నిద్రపుచ్చింది కదా."

ఇవాళ ఆయా ఇంకే గదికి వెళ్లిందని ఆమె అడిగింది. అతిథుల వివరాలు చెప్పకూడదన్నాడతను. వెళ్లలేదని మాత్రం అనలేదు.

"వాణ్ణి కిందికి దించకండి," అని భర్తకు చెప్పి, సీసాతో ఆమె గదుల మధ్య నడవాలోకి వెళ్లింది. వరసగా తలుపులు తట్టింది. కొన్ని తెరుచుకోలేదు. ఒక ముసలాయన తువ్వాలుతో వచ్చి విసుక్కుని వెళ్లాడు. చివరి తలుపు జానెడు తెరుచుకుంది. తడిజుట్టుతో ఒక యువతి ఆమెను ఎగాదిగా చూసింది; దొంగనో పిచ్చిదాన్నో చూసిన చూపు అది. ఆపైన పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా. మా పాప పొద్దున్నుంచీ బంగారంలా పడుకుంది."

మూసుకోబోతున్న తలుపుకు ఆమె కాలు అడ్డం పెట్టింది.

"నిద్రపుచ్చింది ఎవరు?"