ఇరవై రెండో అంతస్తులో మైల

నది వెనక్కి నడుస్తోంది.

పరదా పక్కకి లాగగానే అదే కనబడింది. కింద హడ్సన్. గోధుమరంగు నీళ్లు. నీళ్ల మీద ఒక విరిగిన కొమ్మ. సముద్రం వైపు పోవాల్సిందల్లా ఎగువకి పోతోంది... తాపీగా, తనకేం తొందర లేనట్టు.

పోటు సమయమట. సముద్రం తోస్తే నది వెనక్కి తిరుగుతుందట. రోజుకి రెండుసార్లు.

"చూశావా విద్యా! ఇది పెదనాన్నకి చూపించాలి," అన్నాడు శశికాంత్. బ్రష్ నోట్లోనే ఉంది. నురగ గడ్డం మీదికి కారుతోంది.

అది మంగళవారం. మంగళవారం నాడు నా కడుపులో ఏ రహస్యమూ లేదు.

మేము ఇల్లు కొన్నాం. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. కానీ ఇంట్లోకి వెళ్లకూడదు. ఆదివారం పది నలభైకి గృహప్రవేశం ముహూర్తం. ఈలోగా గడప తొక్కడానికి లేదు. పిస్కాటవేలో మేముంటున్న అద్దె అపార్ట్‌మెంట్ లీజు సోమవారంతో అయిపోయింది. సామానంతా స్టోరేజ్‌లో పెట్టి, మేమిద్దరం, మా ఏడేళ్ల హంసిక, మూడు సూట్‌కేసులతో ఈ హోటల్లో దిగాం.

సొంత ఇల్లుండగా హోటల్లో ఉంటారా అని మాకు ఇల్లు చూపించిన రియల్టర్ రెండుసార్లు అడిగింది.

రెండుసార్లూ అవునన్నాను.

జపాన్ వాళ్ల హోటల్. నది ఒడ్డున ఇరవై ఎనిమిది అంతస్తులు, మాది ఇరవై రెండు. ఈ ఊళ్లో జపాన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆరేళ్లు క్లయింట్ల చుట్టూ తిరిగి కూడబెట్టిన హోటల్ పాయింట్లతో శశి బుక్ చేశాడు. గుమ్మం దగ్గర గుడ్డ చెప్పులు. తొడుక్కోవడానికి నీలంగీతల నూలు అంగీలు. పొద్దున్నే టిఫిన్‌కి వేడివేడి తెల్లన్నం!

పొద్దున్నే అన్నం అంటే శశికి పండగ. గోంగూర పచ్చడి సీసా న్యాప్‌కిన్‌లో చుట్టి, దొంగసొత్తులా కిందికి పట్టుకెళ్లేవాడు.

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకి అత్తయ్య ఫోన్.

శశి, హంసిక కింద ఈతకొలనులో ఉన్నారు.

"శశి పక్కనున్నాడా అమ్మా?"

"లేడత్తయ్యా. పాపని ఈతకి తీసుకెళ్లాడు."

"మీ పెదమావయ్య పోయారే విద్యా."

మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారట. మజ్జిగ కూడా అడిగి పోయించుకున్నారట. మళ్లీ లేవలేదు.

పెదమావయ్య... మల్లికార్జునరావు గారు. శశికి పెదనాన్న. శశి వాళ్ల నాన్న పోయేనాటికి వీడికి తొమ్మిదేళ్లు. మర్నాటి నుంచి చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లింది ఆయనే. ధవళేశ్వరం దగ్గర గోదావరి కాలవ లాకుల మీద ఉద్యోగం చేశారు. పడవ వస్తే లాకు తలుపులు తెరిపించడం, పడవ పోతే మూయించడం. నీళ్లు ఎటు పోవాలో చెప్పడమే ఆయన పని. పిల్లల్లేరు. "నాకు కొరివి పెట్టేది నువ్వేరా," అని మా పెళ్లి పందిట్లోనే శశితో అన్నారు. శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఆ మాటలేమిటని అందరూ ఆయన మీద పడ్డారు. ఆయన మాత్రం నవ్వుతూ ఇంకో లడ్డూ అడిగారు.

"వాడికి చెప్పకు," అంది అత్తయ్య. "చెవిన పడితేగా మైల! వాడికి తెలిసిందంటే పది రోజులు ఏ శుభమూ లేదు. ఈ ఆదివారం దాటితే మూఢం. మళ్లీ మూడు నెలల దాకా ముహూర్తం లేదు. పాలు పొంగించుకుని, మూడు నిద్రలు చేయండి. వచ్చే బుధవారం నేనే చెప్తాను వాడికి."

"అత్తయ్యా, కొరివి..."

"చిన్నమావయ్య కొడుకు భాస్కర్ పెడతాడు. వాడూ ఆయనకి తమ్ముడి కొడుకేగా."

కాసేపు ఏడ్చింది. తరువాత ముక్కు చీదుకుని మళ్లీ అంది —

"నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. కానీ వాడి ఫోన్ కనిపెట్టుకుని ఉండేందుకు ఒకరికి తెలియాలి కదా. అందుకని నీకు చెప్పాను. ఈ ఒక్కసారికి నోరు కట్టుకో తల్లీ."

కట్టుకున్నాను.

మూడు రోజులు నానింది ఆ గింజ.

శశి స్నానానికి వెళ్లినప్పుడు వాడి ఫోన్ తీశాను. పాస్‌కోడ్ హంసిక పుట్టినరోజు. కుటుంబం గ్రూపులో నలభై మూడు మెసేజులు. ఓం శాంతి, ఓం శాంతి, ఓం శాంతి... దండాలు పెట్టే చేతులు. ఒక ఫోటో. ముక్కులో దూది, మెడలో బంతిపూల దండ. నుదుటి మీద పెద్ద రూపాయంత బొట్టు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఏదో అడగబోయి ఆగినట్టు.

చూశాను. ఆ ముఖం నేను చూశాను. శశి చూడాల్సిన ముఖం.

గ్రూపులోవన్నీ తుడిచేసి, మ్యూట్ చేసి, ఎక్కడ పెట్టిన ఫోన్ అక్కడే పెట్టాను. మళ్లీ వచ్చినవి మళ్లీ తుడిచాను. అరనిమిషం పని. ఉల్లిపాయ తరగడానికి కూడా అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

మైల నాకొచ్చింది. శశికి రాలేదు.

ఒకే గది. ఒకే మంచం. ఒకే దుప్పటి — సగం మైల, సగం మడి.

గురువారం స్నానం చేసి వచ్చాను. హోటల్లో నిప్పు వెలిగించనివ్వరు. అందుకని కిటికీ గట్టు మీద వెంకటేశ్వరస్వామి చిన్న పటం, దాని ముందు ఒక బ్యాటరీ దీపం పెట్టుకున్నాను. అడుగున బటన్ ఉంటుంది. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఆ బటన్ నొక్కి దండం పెట్టుకోవడం. అదే నా దీపారాధన.

వేలు బటన్ దాకా వెళ్లింది.

ఆగింది.

మైలలో దీపం పెట్టకూడదు.

ప్లాస్టిక్ దీపానికి మైలేమిటే నీ మొహం! అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా వేలు కదల్లేదు. మొగుడి ఫోన్ తుడిచేటప్పుడు ఆగని వేలు, చైనా దీపం ముందు ఆగింది. సిగ్గేసింది. అయినా నొక్కలేదు.

ఆ పొద్దున శశి చాలా సంతోషంగా ఉన్నాడు. అదే నా ప్రాణానికొచ్చింది.

కింద టిఫిన్ దగ్గర అన్నం వడ్డించే జపాన్ పెద్దావిడ సీసా చూసి ఇదేమిటని అడిగింది. చెంచా కొసతో కాస్త పెట్టాడు. ఆవిడ నాలుక మీద వేసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా నడుం వంచి దండం పెట్టి, ఇంకొంచెం కావాలని వేలితో చూపించింది. శశి పడీపడీ నవ్వాడు.

"పెదనాన్నకి చెప్పాలి ఇది. గోంగూరకి జపాన్ వాళ్లు దండం పెట్టారని చెప్తే నమ్మడు!"

నేను పళ్లెం పక్కకి జరిపాను.

"తినవేం?"

"తలనొప్పి."

పైకొచ్చాక కిటికీ దగ్గర నిలబడ్డాడు. పోటు రోజూ ముప్పావుగంట ఆలస్యంగా వస్తుందని వాడికి లెక్క తెలుసు. నీళ్లు ఆగాయి. వెనక్కి తిరిగాయి. శశి ఫోన్ కెమెరా నది వైపు పెట్టి పెదనాన్నకి వీడియో కాల్ చేశాడు.

మోగింది.

మోగింది... మోగింది... మోగింది.

ఆయన ఫోన్ ఇప్పుడు భాస్కర్ దగ్గరుంది; ఎత్తొద్దని అత్తయ్య వాడికి చెప్పింది.

"ఎత్తడం లేదేమిటి? అక్కడ సాయంత్రం. ఈ వేళకి లాకుల మీద కూర్చుని ఉంటాడు."

"ఫోన్ ఇంట్లో మరిచిపోయారేమో," అన్నాను.

ఎంత నున్నగా వచ్చిందో ఆ మాట! నాకే ఆశ్చర్యం.

"ఆదివారం మాత్రం ముందే చెప్పి ఉంచుతాను. పాలు పొంగేటప్పుడు ఆయన లైన్లో ఉండాలి. ఆయన చూడందే నేను స్టవ్ వెలిగించను," అన్నాడు.

స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో నిజంగా తెలీదు.

అత్తయ్య వద్దంది కాబట్టి చెప్పలేదు. రెండు రోజులు నాకు నేను చెప్పుకున్న మాట ఇదే.

అబద్ధం.

పదకొండేళ్లు. నాలుగు అపార్ట్‌మెంట్లు. నెత్తిన ఎవరివో అడుగుల చప్పుళ్లు. పోపు వేస్తే స్మోక్ అలారం. ఇంగువ వాసనొస్తోందని అపార్ట్‌మెంట్ ఆఫీస్‌కి కంప్లైంట్. ఇప్పుడు నాకొక వంటిల్లు దొరికింది. తూర్పు కిటికీ, కిటికీ కింద స్టవ్, వెనక ఒక మేపుల్ చెట్టు. గోడకి ఏ రంగో కూడా అనుకున్నాను.

నాకు ఆ ఇల్లు కావాలి. ఈ ఆదివారమే కావాలి. ఒక మంచి మనిషి పోయాడన్న కబురు కంటే నాకు స్టవ్ ముఖ్యమైంది. ఇంత మాట రాసుకోవడానికి చెయ్యి రావడం లేదు, కానీ నిజం అదే.

ఇంకో సంగతీ ఉంది. లెక్క.

బుధవారం ఒకటో రోజు. గురువారం రెండు. శుక్రవారం మూడు. పదో రోజు బంధువులంతా గోదావరిలో దిగి ధర్మోదకాలు వదులుతారు. ఇవాళ చెప్తే శశి విమానం ఎక్కి అందుకుంటాడు. రేపు చెప్పినా అందుకుంటాడు. మూడు నిద్రలూ అయ్యాక వచ్చే బుధవారం చెప్తే... ధవళేశ్వరం చేరేసరికి అంతా అయిపోతుంది. రేవు మెట్ల మీద తడి కూడా ఆరిపోతుంది.

కొరివి పెట్టలేకపోయాడు. దోసెడు నీళ్లయినా వదలనిస్తానా?

ఇవాళ చెప్తాను అనుకున్నాను. మధ్యాహ్నం చెప్తాను. పాప పడుకున్నాక చెప్తాను...

అలా శుక్రవారం వచ్చేసింది.

శుక్రవారం పొద్దున శశి సీసా చుట్టుకుంటున్నాడు. హంసిక నీలంగీతల అంగీ నేల మీద ఈడ్చుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, లాంప్ ఎందుకు ఆఫ్ ఉంది? ఎస్టర్‌డే కూడా ఆఫ్."

నేను దుప్పటి మడతపెడుతున్నాను.

"బ్యాటరీ అయిపోయిందా? నేను ఆన్ చేస్తా."

"ముట్టుకోకు!"

అరిచాను. అంత అరుపు నాలో ఉందని నాకే తెలీదు. పిల్ల బిక్కచచ్చిపోయింది.

శశి నా వైపు చూశాడు.

"ఏమైంది? నీకు పోయినవారమే కదా..." అని ఆగాడు.

దీపం వైపు చూశాడు. బొట్టు లేని నా నుదుటి వైపు చూశాడు. మంచం మీద ఫోన్ వైపు చూశాడు. తొమ్మిదేళ్ల వయసులో ఒక ఇంట్లో పది రోజులు దీపం పెట్టకపోవడం చూసినవాడు. వాడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

సీసా మెల్లిగా బల్ల మీద పెట్టాడు.

"పెదనాన్నేనా?"

తలూపాను.

"ఎప్పుడు?"

"బుధవారం."

కిటికీ అవతల ఒక ఫెర్రీ కూత వేసింది. హంసిక నా చీరకుచ్చెళ్ల కోసం వెతికినట్టు నా ప్యాంటు పట్టుకుంది. వేళ్లతో గట్టిగా పట్టుకుంది.

"నిన్న ఫోన్ మోగుతుంటే నువ్వు పక్కనే ఉన్నావు విద్యా."

"ఉన్నాను."

"మరిచిపోయారేమో అన్నావు."

"అన్నాను."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బావుండును. బల్ల మీదున్న సీసా నేలకేసి కొట్టినా బావుండును. వాడు మంచం అంచున కూర్చుని, ఫోన్ తీసి, గ్రూపు తెరిచి, ఖాళీగా ఉన్న తెర వైపు చాలాసేపు చూశాడు. ఆ ఖాళీ ఎవరు చేశారో అడగలేదు.

"ఫోటో ఉందా?"

"నేను చూశాను. తుడిచేశాను."

"ఎలా ఉన్నాడు?"

"ఏదో అడగబోతున్నట్టు ఉన్నారు," అన్నాను.

అప్పుడు వాడి కింది పెదవి చిన్నపిల్లాడి పెదవిలా అయిపోయింది. చేత్తో మూసుకున్నాడు.

"కొరివి?"

"భాస్కర్."

"పదో రోజు ఎప్పుడు?"

"వచ్చే శుక్రవారం."

వెంటనే చెప్పేశాను. క్యాలెండర్ చూడకుండా, వేళ్లు మడవకుండా.

శశి తలెత్తాడు.

"అయితే లెక్కపెట్టుకుంటూనే ఉన్నావన్నమాట."

మూడు రోజుల్లో వాడు నన్ను అడిగిన ప్రశ్నలన్నిటికీ ఠపీమని అబద్ధం దొరికింది. ఈ ఒక్కదానికి దొరకలేదు. నాకిప్పుడు అబద్ధం చెప్పాలనీ లేదు.

"అవును," అన్నాను.

లేచాడు. హంసిక తల మీద చెయ్యి వేసి నిమిరాడు. నన్ను దాటుకుని, కట్టుకున్న బట్టలతోనే, గుడ్డ చెప్పులతోనే స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. కబురు విన్నవాడు తలారా స్నానం చేయాలి. షవర్ తిప్పిన చప్పుడు. నీళ్లు. వాటి వెనక ఇంకో చప్పుడు... దాన్ని నీళ్లు కప్పలేకపోతున్నాయి.

పెళ్లయి పన్నెండేళ్లు. శశి ఏడుపు నేను ఎప్పుడూ వినలేదు.

"నాన్నకి ఏమైంది?" అంది హంసిక.

"పెద్ద తాతయ్య చనిపోయారు తల్లీ."

"నువ్వు ఎందుకు అరిచావు?"

ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. బయటికొచ్చి వాడు ఏమంటాడో తెలీదు. టికెట్ బుక్ చేయమంటాడా? నన్నూ రమ్మంటాడా, వద్దంటాడా? అసలు నా ముఖం చూస్తాడా? ఇల్లు గురించి మాత్రం అడగడు. అది నాకు తెలుసు.

ఫోన్ తీసి పంతులుగారికి చేశాను. ఆదివారం రావద్దని చెప్పాను.

"అదేమిటమ్మా! ఇది తప్పితే మళ్లీ మూడు నెలలు. సామాన్లు కూడా సర్దేసుకున్నాను. ఏమైంది?"

హంసిక నా ముఖంలోకి చూస్తోంది. నేను స్నానాలగది తలుపు వైపు తిరిగాను.

"మాకు మైల వచ్చిందండీ," అన్నాను.

గట్టిగానే అన్నాను. లోపలికి వినబడేలా.

నీళ్ల చప్పుడు ఆగలేదు.