నవ్వులక్కకు రాసినవి

పండగ కార్డులు రాయడం మా ఇంట్లో నా పనే. ఎవరిది ఏ మతం, ఎవరి పండగ ఎప్పుడు, ఎవరింట్లో ఆ ఏడు చావు జరిగింది కాబట్టి శుభాకాంక్షలు అనకూడదు, అన్నీ నేనే గుర్తుపెట్టుకోవాలి. కింద సంతకం మాత్రం మా ఆయన పేరు. "అన్ని మతాలవాళ్ళనీ కలుపుకుపోతాడండీ మీ ఆయన" అని ఆఫీసువాళ్ళు మెచ్చుకుంటే, "ఏదో, మా పెంపకం" అని ఆయన నవ్వేవారు. నేను టీ కప్పులు తీస్తుండేదాన్ని.

ఆ కట్టలో నా పేరుతో వెళ్ళేది ఒక్కటే. నవ్వులక్కకు. రక్తపరీక్షల ల్యాబులో పదకొండేళ్ళు నా పక్క కుర్చీ ఆమెది. నాకు కడుపు పోయినప్పుడు అత్తగారు "రెండ్రోజుల్లో లేచి తిరుగుతుందిలే" అన్నారు. నవ్వులక్క మాత్రం వారంపాటు తన డ్యూటీతో పాటు నాదీ చేసింది. రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళాక వినికిడి పోయి ఫోన్లు మానేసింది. కార్డులే మిగిలాయి. మూడేళ్ళుగా జవాబు లేదు. చేతులు వణుకుతున్నాయేమో అనుకున్నాను. వెళ్ళి చూద్దామంటే, ఆదివారం నేను గడప దాటితే ఇంట్లో మొహాలు మాడిపోతాయి. వచ్చే నెల, వచ్చే నెల అనుకుంటూ ఉండిపోయాను.

ఇవాళ పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసింది.

"అమ్మ పోయి నెల దాటింది పిన్నీ. సామాన్లు సర్దుతుంటే మీ నంబరు దొరికింది. పండగొస్తే చాలు, మీ కార్డు కోసం గుమ్మంలో కూర్చునేది. ఈ మూడేళ్ళూ రాలేదు. తనేం తప్పు చేసిందోనని కుమిలిపోయింది."

పోస్టు చేయమని ఇచ్చింది మా ఆయనకే. అడిగాను. పేపర్లోంచి తల ఎత్తలేదు.

"వాళ్ళ పండక్కి మనింట్లోంచి కార్డేమిటని అమ్మ గోల పెట్టింది. రభస ఎందుకని మూడేళ్ళవీ చింపేశా."

"మీ డైరెక్టరుగారిదీ అదే మతం కదా? ఆయనకు వెళ్ళిందిగా?"

"ఆయన డైరెక్టరు."

అత్తగారు కూరగాయలు తరుగుతూనే అన్నారు. "పోయిన మనిషి ఎలాగూ పోయింది. పోస్టులో పోయాయని చెప్పు. ఇంటి గుట్టు బయట పెట్టుకుంటామా?"

ఇరవై ఆరేళ్ళుగా ఈ ఇంటి గుట్టు మోస్తున్నది నేనే. ఆయన కోపానికి బీపీ అని, ఆవిడ దెప్పులకు వయసు అని పేర్లు పెట్టి అందరికీ సర్దిచెప్పాను. ఈ అబద్ధం కూడా అప్పటికే నా నాలుక చివరికి వచ్చేసింది. ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే భయం వేసింది.

చెప్పులు వేసుకున్నాను. "వంట?" అన్నారు అత్తగారు వెనక నుంచి. గడప దాటాను.

రెండు బస్సులు మారి వెళ్ళాను. తలుపు తీసిన కూతురివి అచ్చం నవ్వులక్క కళ్ళు. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, అడగలేక అడిగింది.

"పోస్టులో పోయాయా పిన్నీ?"

"లేదమ్మా. మీ బాబాయి చింపేశారు. మూడేళ్ళు వచ్చి చూడనిది మాత్రం నేనే."