దినమునకు నువ్వుగింజంత

శ్రావణమాసపు టపరాహ్ణమున వర్షింపనొల్లక నీడలు మాత్రము పరచి తరలిపోవు మేఘములక్రింద ధర్మవరపు నేతవీధి పని ముగియని పశువువలె బరువుగ నిట్టూర్చుచుండెను. రంగులద్దిన పట్టుదారములు వాకిళ్లయందలి వెదురుగడలపై తడి యారక వ్రేలాడుచుండెను. ఇంటింట గుంటమగ్గముల చప్పుడు విసువులేక వినవచ్చుచుండెను గాని చౌడప్ప యింట మాత్రము ఏ చప్పుడును లేకుండెను.

చౌడప్ప పడుగు లతుకువాడు. మగ్గముమీది పాత పడుగు నేతలో ముగియవచ్చినప్పుడు దాని కొసలను కొత్త పడుగు కొసలతో నొక్కొక్క పోగుగ బూడిద యద్దిన వ్రేళ్లతో మెలివెట్టి కలుపుట యతని వృత్తి. మెలి బిగిసినదో లేదో కన్నులకు తెలియదు. బొటనవ్రేలికొనకును చూపుడువ్రేలికొనకును మాత్రమే తెలియును. అట్టి వ్రేళ్లు వైశాఖమున మొద్దువారెను. ఇంటికప్పు సరిచేయుచుండగ నినుపరేకు జారి యతని కుడి ముంజేతిని లోతుగ కోసెను. ఆసుపత్రిలో డాక్టరమ్మ తెగిన నరమును తలవెండ్రుకకన్న సన్నని కుట్లతో కలిపి నర మతికించితినని చెప్పి పంపెను. గాయము మానెను. బొటనవ్రేలు మొదలు మూడు వ్రేళ్లకు స్పర్శ మాత్రము రాలేదు.

అతికిన పోగు అప్పుడే నడవవలెననునది చౌడప్ప జీవితమంతయు నెరిగిన ధర్మము. తన నరము నడవకుండుట చూచి, అతికించిన డాక్టరమ్మ చేయి మంచిదే గాని తన దేహమే చెడ్డ దారమని యతడు లోలోన సిగ్గుపడుచుండెను. ఇంతలో మగ్గముల యజమాని కుళ్లాయప్ప వాకిట నిలిచి పలకరించెను.

"ఏం మామా, వేళ్లు మాట వింటాండాయా? పెండ్లిచీరల పడుగు వచ్చింది. నువ్వు అతకతావా, హిందూపురమోన్ని పిలిపించాల్నా?"

"వాడెందుకప్పా? సోమవారం నేనే వస్తా," అని చౌడప్ప పలికెను.

డాక్టరమ్మ చెప్పినట్లు భార్య లింగమ్మ ప్రతి సాయంకాలము అతని కన్నులు మూయించి దూదికొనతో వ్రేళ్లను తాకి చూచుచుండెను. అతడు ప్రతిమారు "తగిలింది" అనుచుండెను. కొన్నాళ్లుగ నామెకు సంశయము పుట్టెను. ముత్తైదువ గాజులు తీయరాదు గనుక నా సాయంకాలము వానికి తడిగుడ్డ చుట్టి చప్పుడు కాకుండ దూదితో తాకెను. అతడు పలుకలేదు. పిమ్మట గుడ్డ విప్పి, తాకకయే చేయి కదలించెను. గాజులు గలగలలాడెను.

"తగిలింది," అనెను చౌడప్ప.

"ఏ వేలికి?"

"చూపుడేలికి."

"నేను ముట్టనే లేదు గదయ్యా! తగిలింది నీ చెవులకా?"

అతడు కన్నులు తెరచి తల వంచుకొనెను. "ఆయమ్మ నరం అతికించింది గదే. నేను అతికిన పోగు ఎప్పుడన్నా ఇన్ని నెలలు మొండికేసిండాదా? లోపం నాదే అనుకుంటి. నీకేమని చెప్పాల?"

లింగమ్మ నిష్ఠురమాడలేదు. "ఇన్నాళ్లూ నన్ను ఏమార్చి మజ్జిగ తాగి పడుకుంటివే! రేపు ఆసుపత్రికి పోదాం పద," అని మాత్రము పలికి యా పూటయు మజ్జిగ కలిపి యిచ్చెను.

మరునాడు డాక్టరమ్మ యతని మచ్చమొదలు మణికట్టువరకు వ్రేలికొనతో మెల్లగ తట్టుచు వచ్చెను. మణికట్టుకడ చౌడప్ప యులికిపడెను.

"అబ్బా! కరెంటు కొట్టినట్టుండాదమ్మా. ఈడ తడితే ఆడ వేళ్లలో జిల్లుమంటాంది."

"భయం లేదు. మీ నరం ఇంతవరకూ పెరిగి వచ్చింది."

"పెరగడమేందమ్మా? మీరు అతికించినారు గదా!"

ఆ ప్రశ్నలో నతని యలసట యంతయు నుండుట గ్రహించి యామె కుర్చీ దగ్గరకు జరుపుకొని విశదముగ చెప్పెను. నరమనునది యొక త్రాడు గాదు, అనేక నాడీతంతువుల కట్ట. స్పర్శ నెరుగు నాడీకణము వెన్నుపాము చెంత నుండి యచ్చటనుండియే వ్రేలికొనవరకు నొక్కటే తంతువును చాచియుండును. దానిపై క్రొవ్వుపొర, యాపైన సన్నని తొడుగు. వ్రేలు తాకినదెల్ల విద్యుత్తరంగమువలె నా తంతువు వెంట మెదడునకు పోవును. తంతువు తెగెనేని కణమునకు దూరమైన క్రిందిభాగము నశించును, తొడుగు మాత్రము వట్టిదై నిలిచియుండును. వైద్యుల కుట్లు తొడుగునే కలుపగలవు. పైనుండి కణమే కొత్త కొసను మొలిపించి యా చీకటిదారిని వ్రేళ్లవరకు పంపవలెను.

"అయితే దారం చెడ్డది కాదామ్మా?"

"కాదు. బతికే ఉంది, నడుస్తోంది. రోజుకు నువ్వుగింజ మందం. చలికాలమంతా పట్టవచ్చు. మునుపటంత నేర్పు వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను. అంతవరకు పొయ్యి దగ్గర జాగ్రత్త, కాలినా మీకు తెలియదు."

చౌడప్ప యెడమచేతి వ్రేలితో మణికట్టును మరల నొకమారు తట్టి చూచుకొనెను.

సోమవారమున నతడు తానే పోయి కుళ్లాయప్పతో తన వ్రేళ్ల సంగతి దాచక చెప్పెను. కుళ్లాయప్ప తల గోకికొని, "అతికినంక జారింటే పెండ్లోళ్లు నన్ను బతకనిచ్చేవోళ్లా మామా? చెప్పి మేలు చేసినావు. ఈ పడుగుకి హిందూపురమోన్నే పిలుస్తా," అనెను. వచ్చు పడుగునుగూర్చి యతడు మాట యీయలేదు, చౌడప్పయు నడుగలేదు. తిరిగివచ్చు త్రోవ యెన్నడును లేనంత పొడవై తోచెను.

సాయంకాలము లింగమ్మ యరుగుపై నతని యెదుట కూర్చుండెను. అతడు కన్నులు మూసెను.

"తగిలిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు లేవే."

మరల ప్రశ్న రాకుండుటచే నతడు కన్నులు తెరచెను. దూది యెప్పుడో నేల రాలియుండెను. ఆమె యతని మూడు వ్రేళ్లను తన గుప్పిట నిముడ్చుకొని వీధివైపు చూచుచుండెను. ఆమె పట్టుకొనియుండుట వ్రేళ్లకు తెలియదు, చూచుచున్నంతసేపే యతనికి తెలియును. అందుచేత చౌడప్ప దీపము పెట్టు వేళవరకును చూపు మరల్చలేదు.