ఎనిమిది గంటల గుడ్లు

వనజాక్షి గుడ్ల దుకాణం షట్టరు చూస్తే చాలు, ఆమె భర్త రాజేంద్ర స్టీల్ ప్లాంటులో ఏ షిఫ్టు చేస్తున్నాడో కాలనీ సెక్టర్ 7లో ఎవరైనా చెప్పేస్తారు. నైట్ డ్యూటీ వారమైతే మధ్యాహ్నందాకా అది పైకి లేవదు. పొద్దున్నే ఆయన రాగానే వేడన్నం వడ్డించాలి, పడుకున్నాక చప్పుడు కాకుండా గిన్నెలు తోమాలి. కుక్కరు కూడా కూత వేయకూడదు. "మొగుడి నిద్ర పాడుసేసుకుని ఏటమ్మా యాపారం?" అని అత్త నూకమ్మ నవ్వుతూనే అంటుంది. వేళకు తెరవని దుకాణానికి మనిషి రెండోసారి రాడని వనజాక్షికి తెలుసు. ఆ నష్టం మాత్రం ఇంట్లో ఎవరి లెక్కలోకీ రాలేదు.

దుర్గ్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పే భాగ్యరేఖ వనజాక్షిని ల్యాబుకు పిలిపించి, ప్రయోగాలకు పొదిగే గుడ్లు కావాలంది. రోజూ పొద్దున ఎనిమిదికల్లా అందాలి, కుదరకపోతే ఇవాళే చెప్పేయమంది. మాట దాటేయబోయిన వనజాక్షిని చెయ్యిపట్టి మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది.

"మీరు పోయినవారం నమూనాకిచ్చిన గుడ్లలోవే, దీదీ. కోడిపిల్ల గుండె ముక్కలు."

గాజు పళ్ళెంలో రెండు చిన్న ముక్కలు కొట్టుకుంటున్నాయి. ఒకటి జోరుగా, ఒకటి బద్ధకంగా. దేని దారి దానిదే. భాగ్యరేఖ పళ్ళెం మార్చింది. ఇందులో రెండు ముక్కలూ ఆనుకుని ఉన్నాయి. రెండూ ఒక్కసారే ముడుచుకుని, ఒక్కసారే వదులవుతున్నాయి.

"ఇవీ నిన్న వేరువేరుగానే కొట్టుకున్నాయి."

"నెమ్మదిగా ఉన్నది జోరుదాని దారికొచ్చేసింది కదా, మేడం?" అంది, తెలిసిన సంసారమే అన్నట్టు.

"జోరుది ఎక్కువ లాగింది, నిజమే. కానీ అదీ కొంచెం తగ్గింది. ఆనుకున్నచోట కణం నుంచి కణానికి కరెంటు అటూ పోతుంది, ఇటూ వస్తుంది. రెండూ తమ వేగం నుంచి కాస్త పక్కకు జరిగితేనే ఇలా కలుస్తాయి."

వనజాక్షికి కన్ను తీయబుద్ధి కాలేదు. నవ్వొస్తోంది. ఇన్నేళ్ళూ పక్కకు జరిగింది తనొక్కతే. దానికే ఇంట్లో వాళ్ళు సర్దుకుపోవడమని పేరు పెట్టారు. ఇచ్చేవాడు ఒకడే అయితే సంతలో దాన్ని బేరమనరు.

ఇంటికి వచ్చేసరికి రాజేంద్ర మధ్యాహ్నపు కునుకు తీసి లేచి టీ కోసం చూస్తున్నాడు.

"రోజూ ఎనిమిదికి కాలేజీకి గుడ్లు తీసుకెళ్ళాలి," అంది.

"నైట్ షిఫ్టు వారమో?"

"అప్పుడూ ఎనిమిదికే."

"మరి నాకు అన్నం ఎవలెడతారు? ఏటయిందే నీకు ఇయాళ?"

వనజాక్షి ఫోను చెవికి ఆనించుకుంది. "ఆ, భాగ్యరేఖ మేడం, నేనే. రేపట్నుంచే తెస్తాను. లేదు, ఇంట్లో అడగక్కర్లేదు, చెప్పేశాను."